విదేశాలకు బయల్దేరే ముందు: ఏది ఎంచుకుంటే మేలు?

విదేశీ ప్రయాణం ఖాయమైన దగ్గర్నుంచి ప్రతి పనికీ రెండు మూడు దారులు కనిపిస్తాయి. డబ్బు నోట్లుగా తీసుకెళ్ళాలా, కార్డులో వేసుకోవాలా? ఫోన్‌కి రోమింగ్ పెట్టించుకోవాలా, అక్కడి సిమ్ కొనుక్కోవాలా? ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలా, క్రెడిట్ కార్డుతో వచ్చేది సరిపోతుందా? ఎవర్ని అడిగినా తమకు కలిసొచ్చిందే చెబుతారు. వాళ్ళ ప్రయాణం వేరు, మీది వేరు.

నేను చూసేది ఒక్కటే. ఈ ఎంపిక బెడిసికొడితే అక్కడికి వెళ్ళాక సరిచేసుకోవడం కుదురుతుందా, కుదరదా? ఛార్జర్ మర్చిపోతే ఎక్కడైనా కొనుక్కోవచ్చు. పాస్‌పోర్టు గడువు చాలకపోతే అసలు విమానమే ఎక్కనివ్వరు. వెళ్ళాక సరిచేసుకోలేని వాటికి డబ్బు, సమయం ముందే పెట్టండి. మిగతా వాటిలో చౌకైనదీ తేలికైనదీ చూసుకుంటే చాలు.

పాస్‌పోర్టు, వీసా

ముందు పాస్‌పోర్టు తెరిచి గడువు తేదీ చూడండి. చాలా దేశాలు మీరు అడుగుపెట్టే రోజు నుంచి ఇంకో 6 నెలల గడువు ఉండాలంటాయి. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంజెన్ దేశాల లెక్క వేరు. అక్కడ్నుంచి తిరిగి బయల్దేరే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి, పైగా ఆ పాస్‌పోర్టు గత 10 ఏళ్ళలోపు జారీ అయ్యుండాలి. గడువు అంచున ఉంటే, ఇలాగే వెళ్దామా, రెన్యువల్ చేయిద్దామా అని ఊగిసలాడకండి. రెన్యువల్ చేయించండి. పాత పాస్‌పోర్టులో వీసా ఉండిపోతుందన్న బెంగ కూడా ప్రతిసారీ అక్కర్లేదు. ఉదాహరణకి అమెరికా వీసా ఇంకా చెల్లుతుంటే కొత్త పాస్‌పోర్టుతో పాటు పాతది కూడా చూపించి వెళ్ళొచ్చు.

ఈ-వీసా, వీసా ఆన్ అరైవల్ రెండూ ఇచ్చే దేశమైతే ఈ-వీసానే మేలని నా అభిప్రాయం. అక్కడ దిగాక తీసుకునే వీసాకి ఫొటోలు, హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, కొన్నిచోట్ల వాళ్ళు చెప్పిన కరెన్సీలో నోట్లు అడుగుతారు. రాత్రంతా ప్రయాణం చేసి, నిద్ర కళ్ళతో పిల్లల్ని పట్టుకుని ఆ క్యూలో నిలబడటం కష్టం. ఏదైనా ఒక్క కాగితం తక్కువైతే వెనక్కి పంపించేస్తారు. ఈ-వీసాలో అలాంటి తప్పు ఇంట్లో ఉండగానే బయటపడుతుంది.

వీసా అక్కర్లేని పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి కూడా ముందస్తు ఆన్‌లైన్ అనుమతి కావాల్సిన దేశాలున్నాయి. అమెరికాకి ఎస్టా, కెనడాకి, బ్రిటన్‌కి ఈటీఏ అలాంటివే. వీటికి ఆ ప్రభుత్వ సైట్‌లోనే దరఖాస్తు చేయండి. వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో అచ్చం ప్రభుత్వ సైట్‌లా కనిపించి, అదే పనికి రెట్టింపు ఫీజు గుంజేవి చాలా ఉంటాయి.

మధ్యలో విమానం మారే దేశం సంగతి కూడా చూసుకోండి. అమెరికాలో ఇమిగ్రేషన్ దాటకుండా ఇంకో దేశానికి విమానం మారే ఏర్పాటు లేదు. అక్కడ రెండు గంటలే ఆగినా వీసా గానీ ఎస్టా గానీ ఉండాల్సిందే.

ఒకే టికెట్టా, విడివిడి టికెట్లా?

విడివిడిగా కొంటే చాలాసార్లు చౌకగా వస్తుంది, నిజమే. కానీ ఒకే బుకింగ్‌లో రెండు విమానాలూ ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా, తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత విమాన సంస్థది. విడి టికెట్లకి ఆ బాధ్యత ఎవరికీ ఉండదు. రెండో సంస్థ దృష్టిలో మీరు రాలేదంతే. ఆ టికెట్ పోతుంది, దాంతో కలిపి కొన్న తిరుగు టికెట్ కూడా రద్దవుతుంది. బ్యాగులు మధ్యలో తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాలి, అందుకు ఆ దేశంలోకి అడుగుపెట్టే వీసా కావాలి. మధ్యలో ఒక రాత్రి ఆగి, ఆ ఊరు కూడా చూసి వెళ్దామనుకుంటే విడి టికెట్లు బాగానే పనికొస్తాయి. మూడు గంటల తేడాతో విడి టికెట్లు కొనడం మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను. అదీ ఒంటరిగా వెళ్ళే పెద్దవాళ్ళకి అసలే ఇవ్వను.

ధర దాదాపు ఒకటే అయితే బుకింగ్ సైట్ల కంటే నేరుగా విమాన సంస్థ దగ్గరే కొనండి. టికెట్‌లో మార్పు కావాల్సి వచ్చినప్పుడు ఒకరు ఇంకొకరి మీదికి తోసేసే గొడవ తప్పుతుంది.

డబ్బు: నోట్లు, డెబిట్, క్రెడిట్, ఫారెక్స్ కార్డు

ఈ నాలుగింటిలో ఏది మంచిదని అడిగేవాళ్ళే ఎక్కువ. ఫారెక్స్ కార్డంటే ముందే విదేశీ కరెన్సీ వేసుకుని వాడే కార్డు. ఏ ఒక్కటీ అన్ని చోట్లా పనిచేయదు కాబట్టి ఏది ఎక్కడ వాడాలో తెలుసుకోవడమే అసలు పని.

నోట్లు ఎంత కావాలనేది దేశాన్ని బట్టి ఉంటుంది. స్వీడన్‌లో చాలా షాపులు నోట్లు తీసుకోనే తీసుకోవు. జపాన్‌లో చిన్న హోటళ్ళు, గుళ్ళ దగ్గర ఇప్పటికీ నోట్లే నడుస్తాయి. ఎక్కడికెళ్ళినా మొదటి ఒకటి రెండు రోజుల ఖర్చుకి సరిపడా చేతిలో ఉంటే చాలు. ఎయిర్‌పోర్ట్ కౌంటర్లలో రేటు సాధారణంగా బాగోదు, కాబట్టి ఆ కాస్తా ముందే మార్చుకోండి. డాలర్లు పట్టుకెళ్తుంటే చిరగనివి, మరకల్లేనివి, కొత్త సిరీస్‌వి ఏరుకోండి, పాత నోట్లని చాలా దేశాల్లో మార్చరు. పెద్ద మొత్తం తీసుకెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. యూరోపియన్ యూనియన్‌లో 10,000 యూరోలు, ఆపైన ఉంటే, అమెరికాలో 10,000 డాలర్లు దాటితే కస్టమ్స్‌కి చెప్పి తీరాలి. తీసుకెళ్ళడం నేరం కాదు, చెప్పకపోతేనే డబ్బు పట్టుకుంటారు.

హోటల్ డిపాజిట్‌కి, అద్దె కారుకి క్రెడిట్ కార్డే సరైనది. వాళ్ళు కొంత మొత్తాన్ని బ్లాక్ చేస్తారు. డెబిట్ కార్డు ఇస్తే మీ అసలు డబ్బే కొన్ని రోజులు ఇరుక్కుపోతుంది. ఫారెక్స్ కార్డుని అద్దె కార్ల వాళ్ళు చాలాచోట్ల ఒప్పుకోరు. క్రెడిట్ కార్డు మీద విదేశీ లావాదేవీ ఫీజు సాధారణంగా 1 నుంచి 3 శాతం దాకా ఉంటుంది, అసలు లేని కార్డులూ ఉన్నాయి. దాంతో ఏటీఎంలో నోట్లు మాత్రం తీయకండి. విడిగా ఫీజు, పైగా సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ.

ఏటీఎంకి డెబిట్ కార్డు వాడండి. అయితే జీతం పడే ఖాతాది కాకుండా, ప్రయాణానికి కావాల్సినంత మాత్రమే వేసిన వేరే ఖాతాది పట్టుకెళ్ళండి. కార్డు వివరాలు ఎవరి చేతిలోనైనా పడినా నష్టం అంతటితో ఆగుతుంది.

ఇక ఫారెక్స్ కార్డు. డబ్బు వేసిన రోజు రేటే ఖాయమవుతుంది, అదే దాని బలం. ఖర్చు ముందే లెక్కకట్టుకున్న ప్రయాణాలకి, చదువుకోవడానికి వెళ్ళే పిల్లలకి బాగా పనికొస్తుంది. కానీ యూరోలు వేసిన కార్డుని స్విట్జర్లాండ్‌లో గీకితే కరెన్సీ మార్పిడి ఫీజు పడుతుంది. మిగిలిన డబ్బు వెనక్కి తీసుకునేటప్పుడు మళ్ళీ మార్పిడి నష్టం. నాలుగు దేశాలు చుట్టి వచ్చేవాళ్ళకి ఇది అంతగా లాభం కాదు.

ఏ కార్డు వాడినా ఈ ఒక్క చోట మాత్రం జాగ్రత్త. షాపులో కార్డు పెట్టగానే మిషన్ తెర మీద రెండు మొత్తాలు కనిపిస్తాయి. ఒకటి ఆ దేశం కరెన్సీలో, ఇంకోటి మీ కరెన్సీలో. మీ కరెన్సీలోది చూడగానే అర్థమవుతుంది కాబట్టి వేలు అటే పోతుంది. అది నొక్కితే రేటు నిర్ణయించేది మీ బ్యాంకు కాదు, ఆ షాపు తరఫున మార్పిడి చేసే సంస్థ, అందులో వాళ్ళ లాభం కలిసే ఉంటుంది. ఎప్పుడూ ఆ దేశం కరెన్సీయే నొక్కండి. ఏటీఎంలో ఇదే ఇంకాస్త తికమకగా ఉంటుంది. మార్పిడి ఒప్పుకుంటారా, వద్దంటారా అని అడుగుతుంది. వద్దంటే డబ్బు రాదేమో అని భయమేస్తుంది. వస్తుంది. వద్దనే నొక్కండి, అప్పుడు మీ బ్యాంకు రేటుకే నోట్లు వస్తాయి.

నా సలహా: రెండు కార్డులు పట్టుకెళ్ళండి, వేర్వేరు బ్యాంకులవి, వీలైతే ఒకటి వీసా కంపెనీది, ఇంకోటి మాస్టర్‌కార్డ్‌ది. ఒకటి పర్సులో, ఇంకోటి బ్యాగులో. బయల్దేరే ముందే యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసి పరిమితులు చూసుకోండి. పిన్ కూడా గుర్తు చేసుకోండి. రోజూ ట్యాప్ చేసి వాడే అలవాటున్నవాళ్ళు రైలు టికెట్ మిషన్ పిన్ అడిగేసరికి తడబడతారు.

ఫోన్: రోమింగ్, అక్కడి సిమ్, ఈ-సిమ్

ఇక్కడ ధర కంటే ముందు చూడాల్సింది ఓటీపీ. విదేశాల్లో కార్డు వాడుతుంటే బ్యాంకు మెసేజ్ మీ సొంత నంబరుకే వస్తుంది. ఆ సిమ్ తీసి డబ్బాలో పెట్టేస్తే కార్డు చేతిలో ఉన్నా పని జరగదు. అందుకే సొంత సిమ్ ఫోన్‌లోనే బతికి ఉండి, డేటా మాత్రం ఇంకోచోట నుంచి రావాలి. చిప్ పెట్టకుండా నేరుగా ఫోన్‌లోకే ఎక్కించుకునే ఈ-సిమ్‌కి అంత ఆదరణ రావడానికి ముఖ్య కారణం ఇదే. సొంత లైన్‌లో డేటా రోమింగ్ ఆపేసి, లైన్ మాత్రం ఆన్‌లో ఉంచితే చాలు. మెసేజ్‌లు అందుకోవడానికి సాధారణంగా ఖర్చుండదు. కొన్ని కంపెనీలు రోమింగ్ విడిగా ఆన్ చేయించుకోమంటాయి, అది ఇంట్లో ఉండగానే అడిగి చేయించండి.

మీ ఫోన్‌కి ఈ-సిమ్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడం తేలిక. డయల్ ప్యాడ్‌లో *#06# కొట్టండి. ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని 32 అంకెల నంబరు కనిపిస్తే ఉన్నట్టే. ఫోన్ ఏదో ఒక కంపెనీకి లాక్ అయి ఉంటే మాత్రం ఈ-సిమ్ అయినా, అక్కడి సిమ్ అయినా పనిచేయదు. అమెరికాలో అమ్మే ఐఫోన్లలో 14వ మోడల్ నుంచి సిమ్ పెట్టే చోటే లేదు, అవి వాడేవాళ్ళకి ఈ-సిమ్ తప్ప దారి లేదు.

ఈ-సిమ్ ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఎక్కించుకోండి. అక్కడ దిగాక చేద్దామనుకుంటే దానికే నెట్ కావాలి. క్యూఆర్ కోడ్ మీ ఫోన్‌కే మెయిల్‌లో వస్తే దాన్ని ఆ ఫోన్ కెమెరాతో స్కాన్ చేయలేరు కదా, ఇంకో ఫోన్‌లో తెరిచి పెట్టుకోండి. రోజుల లెక్క ఎక్కించిన రోజు నుంచా, అక్కడి నెట్‌వర్క్ అందిన రోజు నుంచా అన్నది కొనేముందు చదవండి. పనిచేయట్లేదని కంగారుపడి డిలీట్ చేయకండి, చాలా ఈ-సిమ్‌లు రెండోసారి ఎక్కవు.

అక్కడి సిమ్ ఎప్పుడు మేలంటే, నెల అంతకంటే ఎక్కువ ఉండేవాళ్ళకి, స్థానిక నంబరు అడిగే యాప్‌లు వాడాల్సినవాళ్ళకి. టూరిస్టు ఈ-సిమ్‌లలో చాలావాటికి డేటానే ఉంటుంది, నంబరు ఉండదు. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ నుంచి ఒక దేశం సిమ్ మిగతా సభ్య దేశాల్లో అదనపు రోమింగ్ ఛార్జీ లేకుండా నడుస్తుంది. ఫ్రాన్స్‌లో కొన్నది ఇటలీలోనూ వాడుకోవచ్చు. స్విట్జర్లాండ్ ఆ లెక్కలోకి రాదు, రైలు సరిహద్దు దాటగానే బిల్లు మొదలవ్వొచ్చు. చైనాకి వెళ్ళేవాళ్ళు మాత్రం అక్కడి సిమ్ కంటే రోమింగ్ గానీ ట్రావెల్ ఈ-సిమ్ గానీ తీసుకోండి. అక్కడి నెట్‌వర్క్‌లో గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు. రోమింగ్‌లో డేటా బయటి నెట్‌వర్క్ గుండా వెళ్తుంది కాబట్టి మామూలుగా పనిచేస్తాయి.

రెండు మూడు రోజుల ఆఫీసు పనికైతే ఇదంతా అక్కర్లేదు, రోమింగ్ ప్యాక్ వేయించుకోండి. ఓడలో, విమానంలో మాత్రం ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. అక్కడి శాటిలైట్ నెట్‌వర్క్‌లు మామూలు ప్యాక్‌లలో సాధారణంగా ఉండవు.

ఇన్సూరెన్స్

వెళ్ళాక అస్సలు సరిచేసుకోలేనిది ఇదే. జబ్బు పడ్డాక ఎవరూ పాలసీ ఇవ్వరు. దయచేసి ఇక్కడ మాత్రం చౌకదనం చూడకండి.

క్రెడిట్ కార్డుతో వచ్చే ఉచిత కవర్‌ని నమ్ముకునే ముందు దాని షరతులు చదవండి. చాలావాటిలో టికెట్ ఆ కార్డుతోనే కొని ఉండాలి. కొన్నిటిలో ప్రమాదంలో చనిపోతే ఇచ్చే మొత్తమే పెద్దక్షరాల్లో ఉంటుంది, ఆసుపత్రి ఖర్చు నామమాత్రం. టికెట్‌తో పాటు ఒక్క క్లిక్‌తో కలిపే పాలసీలు ఎక్కువగా రద్దు, ఆలస్యం, బ్యాగులకే సరిపోతాయి. అందుకే విడి పాలసీ వైపే నా ఓటు.

అందులో మొదట చూడాల్సింది ప్రీమియం కాదు. ఆసుపత్రి కవర్ ఎంత, రోగిని వేరే ఊరికో స్వదేశానికో తరలించే ఖర్చు ఉందా, బిల్లు కంపెనీయే నేరుగా కడుతుందా లేక మీరు కట్టి తర్వాత తెచ్చుకోవాలా, ముందు మీ జేబులోంచి ఎంత పెట్టుకోవాలి. షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల కవర్ తప్పనిసరి. వైద్యం అత్యంత ఖరీదైన అమెరికాకి వెళ్తుంటే అంతకు ఎన్నో రెట్లు తీసుకోండి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్న అమ్మానాన్నల్ని పంపిస్తుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకి కవర్ ఉందో లేదో ఫోన్ చేసి అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోండి. ప్రీమియం తగ్గుతుందని జబ్బు దాచిపెడితే, సరిగ్గా ఆ జబ్బుకే క్లెయిమ్ తిరస్కరిస్తారు.

టికెట్ కొన్న రోజే పాలసీ తీసుకుంటే ప్రయాణం రద్దైనప్పటి కవర్ అప్పట్నుంచే మొదలవుతుంది. అక్కడ బండి నడపాలనుకునేవాళ్ళు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా చూసుకోవాలి. 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది ఒకటి, 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చేది ఇంకోటి. జపాన్ మొదటిదాన్నే ఒప్పుకుంటుంది. చెల్లే లైసెన్స్ లేకుండా అద్దె స్కూటర్ ఎక్కి పడితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది.

మందులు, బ్యాగులు

రోజూ వేసుకునే మందులు అక్కడ కొనుక్కోవచ్చులే అనుకోకండి. ఇక్కడ చీటీ లేకుండా దొరికేది అక్కడ డాక్టర్ రాస్తేనే ఇస్తారు. ప్రయాణం రోజులకంటే వారం ఎక్కువకి సరిపడా, అసలు ప్యాకింగ్‌తో, జెనరిక్ పేరుతో (బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరుతో) డాక్టర్ రాసిన చీటీతో క్యాబిన్ బ్యాగులో పెట్టుకోండి. కొన్ని మామూలు మందులకి కూడా కఠినమైన నిబంధనలున్నాయి. కోడీన్, ట్రమడాల్ అనే నొప్పి మందులు ఉన్నవి యూఏఈకి తీసుకెళ్ళాలంటే ముందస్తు అనుమతి కావాలి. సూడోఎఫిడ్రిన్ 10 శాతం మించి ఉన్న జలుబు మందులు జపాన్‌లోకి రానివ్వరు. ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశమైతే కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ 2016 నుంచి జీవితాంతం చెల్లుతోంది, కాబట్టి పాతదుంటే మళ్ళీ అక్కర్లేదు.

వారంలోపు ప్రయాణానికి క్యాబిన్ బ్యాగు ఒక్కటే చాలు, చలి దేశమైతే తప్ప. చెక్-ఇన్ ఇస్తే ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. బ్యాగు రాకపోయినా, పగిలి వచ్చినా ఎయిర్‌పోర్ట్ దాటకముందే కౌంటర్‌లో ఫిర్యాదు రాయించండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పాడైన బ్యాగుకి 7 రోజుల్లోపు, ఆలస్యమైన బ్యాగుకి అది చేతికొచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

పవర్ బ్యాంక్ చెక్-ఇన్‌లో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల దాకా మామూలుగా ఒప్పుకుంటారు, 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి. పవర్ బ్యాంక్ మీద రాసి ఉండే ఎంఏహెచ్ అంకెని వెయ్యితో భాగించి 3.7తో గుణిస్తే వాట్ అవర్ల లెక్క తేలుతుంది. 20,000 ఎంఏహెచ్ అంటే 74, పర్వాలేదు. 30,000 అయితే 111, అడగాలి. దాని మీది అక్షరాలు చెరిగిపోతే సెక్యూరిటీ వాళ్ళు తీసేసుకుంటారు.

ప్లగ్ అడాప్టర్ ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజ్‌ని మార్చదు. ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే అడాప్టర్ చాలు. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె లాంటివి జపాన్‌లో 100, అమెరికాలో 120, యూరప్‌లో 230 వోల్టుల తేడాకి తట్టుకోవు. వోల్టేజ్ మార్చే బరువైన కన్వర్టర్ కొనడం కంటే వాటిని ఇంట్లో వదిలెయ్యడమే మేలు.

కాగితమా, ఫోనా?

రెండూ. టికెట్, వీసా, పాలసీ, మొదటి రాత్రి హోటల్ చిరునామా ప్రింట్ తీసుకోండి, అవే ఫోన్‌లో నెట్ లేకుండా తెరుచుకునేలా పెట్టుకోండి, ఒక సెట్ ఇంట్లో ఒకరికి పంపండి. కార్డు బ్లాక్ చేయించే నంబరు, ఇన్సూరెన్స్ కంపెనీ 24 గంటల నంబరు మాత్రం కాగితం మీద ఉండాలి, ఫోన్ పోయినప్పుడే వాటి అవసరం పడుతుంది. టోల్‌ఫ్రీ నంబర్లు విదేశాల నుంచి చాలాసార్లు కలవవు. బ్యాంకు ఇచ్చే, దేశం కోడ్‌తో ఉన్న మామూలు నంబరు రాసి పర్సులో కాకుండా వేరేచోట పెట్టుకోండి.